కొండబడి పిల్లలు: కూడు, మాట, జ్వరము

1882వ సంవత్సరం ఫిబ్రవరి నెలలో ఈ దేశపు చదువుల స్థితిగతులు విచారించడానికి అప్పటి ప్రభుత్వం ఒక కమీషన్ వేసింది. దానికి అధ్యక్షుడు విలియం హంటర్ గనుక హంటర్ కమీషన్ అనే పేరు స్థిరపడింది. ఆ నివేదికలో ప్రత్యేక శ్రద్ధ చూపవలసిన వర్గాలను గురించి ఒక అధ్యాయం గలదు. అందులో ముందుగా రాజుల, ప్రభువుల బిడ్డల సంగతి, తరువాత ముస్లిముల సంగతి, ఆ వెంటనే కొండజాతుల సంగతి, పిమ్మట తక్కువ కులాలుగా చూడబడినవారి సంగతి, బీదల సంగతి వస్తాయి. మన సభలలో, మన సంచికలలో ఆ ముస్లిముల భాగం గురించి పెద్దలు చెప్పగా చాలామంది వినే యుంటారు. పేజీ తిప్పితే పక్కనే కొండవారి భాగం ఉన్నదని చెప్పినవారు మాత్రం తక్కువ. ఒకే అధ్యాయంలో పక్కపక్కన కూర్చున్న ఈ రెండు వర్గాల పిల్లలు తరువాత నూట నలభై ఏండ్లు ఎవరి దారిన వారు నడిచారు. మన విశాఖపట్నానికి నూటపదిహేను కిలోమీటర్ల దూరాన అరకులోయ ఉన్నది. మనమక్కడికి బొర్రా గుహలు చూడడానికి, చలికాలంలో మంచు చూడడానికి పోతాము. అక్కడి బడుల కథ అడిగేవారు అరుదు. ఆ కథ కొంత ఇక్కడ చెప్పదలచాను.

ముందు కమీషన్ ఏమన్నదో చూద్దాము. ముస్లిముల ప్రాథమిక పాఠశాలలలో హిందూస్తానీ బోధనా భాషగా ఉండాలి, అయితే ఆ ఊరి ముస్లిములే వేరే భాష కావాలని కోరితే ఆ భాషలో చెప్పవచ్చును అన్నది. కొండవారి విషయంలో ఫీజులు రద్దు చేయమన్నది, వారి పిల్లలకు చెప్పే పంతులుకు అదనపు భత్యం ఇవ్వమన్నది, ఆ జాతులలో చదువుకున్న పిల్లలు తేలితే వారినే తమవారికి పంతుళ్లుగా వేయమన్నది, వారి మతవిషయాలలో జోక్యం చేసుకోని సంస్థలకు సహాయం చేయమన్నది. ఇంతవరకు బాగానే ఉన్నది. భాష దగ్గరకు వచ్చేసరికి, లిపి లేని భాషవారికి చుట్టుపక్కల పల్లపువారి భాషలోనే చదువు చెప్పమన్నది. అంటే మనలను మీకేమి భాష కావాలని అడిగారు, కొండవానిని అడగలేదు. ఈ ఒక్క తేడా నుండి ఎంత కష్టం పుట్టిందో ముందు ముందు తెలుస్తుంది.

ఆ రోజులలో ఈ కొండలకు మామూలు చట్టాలు వర్తించేవి కావు. 1839 చట్టం ప్రకారం గంజాం, విశాఖ జిల్లాల కొండ భాగాలు కలెక్టరు చేతిలో ఏజెంటు హోదాలో ఉండేవి. 'ఏజన్సీ' అనే మాట అక్కడి నుండి వచ్చినదే. ముఠాదారులు శిస్తు వసూలు చేసేవారు. కమీషన్ వేసిన ఆ 1882లోనే మద్రాసు అటవీ చట్టం కూడా వచ్చింది. ఒక చేత్తో చదువు గురించి విచారణ, ఇంకో చేత్తో పోడు మీద, కట్టెల మీద ఆంక్ష! గూడెం కొండలలో రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలిన తహసీల్దారు బాస్టియన్ పేరు ఇప్పటికీ జనం మరచిపోలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడం వెనుక ఆ కోపం ఉన్నది. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతమంతా ఆయన పేరిటి జిల్లాయే, పాడేరు దానికి ముఖ్యపట్టణం. ఒక చిన్న ముచ్చట. కొండవారి తిరుగుబాటుకు వాడే 'ఫితూరీ' అనే మాట మన ఉర్దూ నుండి పోయినదే. తాలూకా, కచేరీ, రసీదు, జమీందారు, ఇవన్నీ అలాగే పోయాయి. పాపం, బడి కంటే ముందు కొండెక్కినవి ఈ దస్తరపు మాటలు!

ఇంకొక మాట 'గొత్తి'. అప్పు తీర్చలేక షావుకారు దగ్గర మనిషి పనికి కట్టుబడి ఉండడాన్ని అలా అనేవారు. తండ్రి గొత్తిలో ఉంటే కొడుకు షావుకారు పశువులు కాచేవాడు. దీనిని 1940లో ఒక రెగ్యులేషన్ ద్వారా రద్దు చేశారు గాని, కాగితం మీద రద్దయినది కాలి నుండి ఊడడానికి చాలా ఏండ్లు పట్టింది. ఇటువంటి చోట బడి అంటే ఎవరికి? ఆ పిల్లవానికి తీరికా లేదు, తిండీ లేదు. పంతులు మాట్లాడేది వానికి తెలియదు.

ఆ మాట తెలియాలని మొట్టమొదట పట్టుబట్టినవారు మన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాషకోసం పోరాడిన మహనీయుడని అందరికీ తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటున్నాము. కాని ఆయన తెలుగు కోసం పోరాడక ముందే సవరల కోసం పాటుపడ్డారు. పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, అక్కడికి కొండల నుండి వచ్చే సవరల మాట వినీ వినీ నేర్చుకున్నారు. ఆ భాష తెలుగుకు, ఒరియాకు చుట్టం కాదు, ముండా కుటుంబపు భాష. దానికి పుస్తకాలు లేవు. ఆయనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చారు. ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వజూపితే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారట. సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. ఈలోగా 1936లో పర్లాకిమిడిని కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపితే ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరుకున్నారు. 1940 జనవరిలో కన్నుమూశారు. ఇంటి మాటలోనే చదువు మొదలు కావాలనే ఆయన పట్టుదల తెలుగువారి బిడ్డల విషయంలో గెలిచింది. ఎవరి మాట విని ఆయనకు ఆ ఆలోచన బలపడిందో ఆ కొండ పిల్లల విషయంలో మాత్రం అరవై ఏండ్లకు పైగా మరుగున పడింది.

మధ్యలో ఒక మంచి ప్రయత్నం హైదరాబాదు సంస్థానంలో జరిగింది. ఆదిలాబాదు గోండులలో 1940లో కుమ్రం భీము పోరాటం, జోడేఘాట్‌లో ఆయన మరణం జరిగిన తరువాత, ఇదెందుకు వచ్చిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితునికి అప్పగించింది. ఆయన భార్యతో కలిసి మార్లవాయి అనే గోండు గూడెంలో నివాసం పెట్టారు. 1943లో అక్కడే గోండు యువకులకు పంతులు పని నేర్పే కేంద్రం మొదలైంది. వాచకాలు గోండి భాషలో తయారైనవి. చదువు రాని పెద్ద కుర్రవాళ్లను తెచ్చి ముందు వారికి అక్షరాలు నేర్పి, తరువాత వారినే పంతుళ్లను చేశారు. ఆ విధంగా తయారైనవారు తరువాత పంతుళ్లుగానే గాక గ్రామోద్యోగులుగా, గుమాస్తాలుగా కూడా పనిచేశారు. 1882 నాటి ఆ సిఫార్సు, అంటే వారి పిల్లలనే వారికి పంతుళ్లుగా వేయమన్నది, అమలు జరిగిన చోటు ఒకటి చూపమంటే నేను మార్లవాయి పేరే చెబుతాను. నిజాం పాలనను అన్ని విధాల మెచ్చుకోవలసిన పని లేదు. ఆ తిరుగుబాటు రావడానికి ఆ పాలనలోని తప్పులే కారణము. అయినా ఈ ఒక్క పని మంచిదే అనాలి.

ఇక అరకు. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు కిందికి ఈ కొండలు వచ్చాయి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార కార్పొరేషన్ ఏర్పడి, చింతపండు, అడ్డాకులు వగైరా సరుకు షావుకారు చేతిలో పడకుండా కొనే పని తలకెత్తుకున్నది. రెండవ పంచవర్ష ప్రణాళికలో దేశం మొత్తం మీద 43 ప్రత్యేక గిరిజన బ్లాకులు పెట్టినప్పుడు వాటిలో అరకు ఒకటి. వెరియర్ ఎల్విన్ అధ్యక్షతన ఒక సంఘం ఆ బ్లాకులన్నింటినీ పరిశీలించి 1960లో నివేదిక ఇచ్చింది. అదే దశకంలో బైలదిల్లా ఇనుపఖనిజం జపాన్‌కు పంపడానికి కొత్తవలస నుండి కిరండూలు దాకా రైలుమార్గం పడింది. కొండలు తొలిచి సొరంగాలు వేశారు. రైలుతో బాటు పల్లపు ఉద్యోగులు, వర్తకులు, వారిలో మనవారు కొందరు అరకు చేరుకున్నారు. వారి పిల్లలకు రైలూ ఉన్నది, ఊరిలో బడీ ఉన్నది. కొండ మీది గూడెం పిల్లవానికి బడి అంటే ఆశ్రమ పాఠశాల.

ఆశ్రమ పాఠశాల ఆలోచన గాంధీ గారి అనుచరుడు ఠక్కర్ బాపా వంటివారిది. గూడేలు చిన్నవి, దూరదూరాన ఉంటాయి, ప్రతిచోటా బడి సాధ్యం కాదు, కాబట్టి పిల్లలను ఒకచోట ఉంచి తిండి, బట్ట, చదువు ఇవ్వాలన్నారు. ఆలోచన మంచిదే. ఇది లేకపోతే ఈనాడు కొండల నుండి వచ్చిన డాక్టర్లు, టీచర్లు, ఎమ్మెల్యేలు ఇంతమంది ఉండేవారు కారు. అయితే మామూలుగా మూడవ తరగతి నుండి పిల్లలను చేర్చుకుంటారు. ఎనిమిదేండ్ల పిల్ల! మన ఇండ్లలో ఆ వయసు పిల్లను మేనమామ ఇంట్లో రెండు రాత్రులు ఉంచడానికే అమ్మీ గుండె ఆగదు. ఆ పిల్ల తండ్రి వెంట కాలిబాటన నడిచివచ్చి, ట్రంకుపెట్టె పెట్టుకుని, తన భాష తెలియనివారి మధ్య పడుకోవాలి. తెల్లవారితే మంచె లేదు, మేక లేదు, తాత లేడు. మొదటి నెలలో పిల్లలు చెప్పకుండా ఇంటికి పారిపోవడం ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసిన ప్రతి పంతులూ చెబుతాడు. దానిని క్రమశిక్షణ లోపం అని రిజిస్టరులో రాసేవారు. నా మటుకు నాకు అది ఆరోగ్యంగా ఉన్న పిల్ల చేసే పనే అనిపిస్తుంది.

అంకెలు కూడా చూద్దాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనులలో 1961 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి నలుగురు పైచిలుకు. ఇరవై ఏండ్ల తరువాత 1981లో నూటికి ఎనిమిది మంది కూడా లేరు. అంటే ఆశ్రమ పాఠశాలలు, బ్లాకులు, జీపులు అన్నీ వచ్చిన ఆ ఇరవై ఏండ్లలో పెరిగినది నూటికి ముగ్గురు నలుగురు మాత్రమే. 1991లో 17, 2001లో 37, 2011లో 49. గూడెంలోనే చిన్నబడి పెట్టి, ఆ గూడెం యువకుడినే పంతులుగా పెట్టే పద్ధతి 1980ల చివరి నుండి పుంజుకున్న తరువాతనే ఈ పెరుగుదల కనబడుతున్నది. కారణాలు ఇంకా ఉండవచ్చును, కాదనను.

కూడు సంగతి. కొండలలో పెద్దల తిండి చోళ్లు, సామలు, కొర్రలు. పొద్దున్నే చోడి అంబలి తాగి, మిగిలినది ఆనపబుర్రలో పోసుకుని పొలానికి పోతారు. బడిలో, హాస్టలులో ఉడికేది మాత్రం వరి అన్నము, పప్పునీళ్లు. బియ్యం పెద్దింటి తిండి, అంబలి బీదవాని తిండి అని పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు, కంచమే చెప్పింది. మద్రాసు రాష్ట్రంలో కామరాజు నాడార్ గారు 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు, కాని 1953లోనే మనం ఆంధ్రరాష్ట్రంగా వేరుపడ్డాము గనుక ఆ ముద్ద మన పిల్లలకు అందలేదు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చిన పిమ్మట, 2003 జనవరి నుండి మన రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాలలలో వేడి భోజనం మొదలైంది. వండే పని ఊరి మహిళా సంఘాలకు ఇచ్చారు. కొండబడిలో దీనివల్ల ఒక మేలు జరిగింది, అది వండే తల్లి బడి ఆవరణలోకి రావడం. అంతవరకు బడికి రాని ఆడవారు కట్టెలు, నీళ్లు మోసుకుని రోజూ వచ్చారు. జ్వరం వచ్చిన పిల్లను, ఏడ్చే పిల్లను గుర్తుపట్టేది వారే. ఆ చోళ్లు మళ్లీ బడికి రావడానికి 2023 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. ఆ నెలలో రాష్ట్రం బడులలో రాగిజావ మొదలుపెట్టింది. పట్నంలో దీనిని కొత్త పౌష్టికాహారం అన్నారు. కొండవారు నవ్వుకుని ఉంటారు. 2024 నుండి ఈ బడి భోజనానికి, అడిగినవారికి అన్నం పెట్టిన గోదావరి తల్లి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

మాట సంగతి. అరకు చుట్టుపట్ల ఒక తరగతి గదిలో కొండదొరల పిల్లలు, కువి మాట్లాడే పిల్లలు, ఆదివాసీ ఒరియా మాట్లాడే కోటియా పిల్లలు, గదబ పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. సంతలో వీరందరూ ఆదివాసీ ఒరియాతోనో తెలుగుతోనో పని గడుపుకుంటారు. ఆరేండ్ల పిల్లకు సంత భాష ఇంకా రాదు. 2004 ప్రాంతాన మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషలలో, అనగా గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియాలలో, తెలుగు లిపిలోనే వాచకాలు చేసి, ఇంటి మాటతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి తీసుకుపోయే పద్ధతి తెచ్చారు. ఊళ్లలోని పాటలు, కథలు పుస్తకాలకెక్కినవి. గిడుగు వారు చేసిన పనిని ప్రభుత్వం ఒక శతాబ్దం తరువాత చేసిందన్న మాట. పుస్తకం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ భాష వచ్చిన పంతులు కావాలి. షెడ్యూలు ప్రాంతపు టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో 3వ నెంబరు జీవో ఇచ్చారు, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నూటికి నూరు ప్రత్యేకించడం సమానత్వానికి విరుద్ధం అని కోర్టు చెప్పిన తర్కం నేను కాదనను. కాని ఉద్యోగం ఎవరిదనే వాదంలో, పిల్ల మాట ఎవరికి అర్థమవుతుందనే ప్రశ్న వెనుకబడిపోయింది. మన ఉర్దూ బడులకు ఉర్దూ రాని టీచరును వేస్తే మనమెంత గొడవ చేస్తాము!

పండుగల సంగతి కూడా ఇటువంటిదే. చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవారు వేటకు పోతారు, ఆడవారు, పిల్లలు రోడ్డుకు అడ్డంగా కర్ర కట్టి వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ డబ్బులడుగుతారు, రాత్రిళ్లు థింసా ఆడతారు. ఆ రోజులలో బడికి ఎవరు వస్తారు? శీతకాలంలో కాఫీ పండ్ల కోతకు, ఆ తరువాత చింతపండుకు తల్లిదండ్రులు పోతే చిన్నపిల్లలను చూసుకునేది పెద్దపిల్లలే. రంజాన్ నెలలో ఉర్దూ బడుల పనివేళలు మార్చమని మనం అడిగి తెచ్చుకున్నాము. 2010 ఏప్రిల్ నుండి అమలైన విద్యాహక్కు చట్టం ప్రతి బడికి తల్లిదండ్రులే ఎక్కువ భాగం ఉండే కమిటీ ఉండాలన్నది. కొండ బడుల కమిటీలు ఈ సెలవుల సంగతి గట్టిగా అడిగితే కాదనేవారెవరు? అడగడం అలవాటు కావాలి, అంతే.

చివరగా జ్వరము. ఒకప్పుడు ఏజన్సీకి బదిలీ అంటే పల్లపు ఉద్యోగికి శిక్ష, ఎందుకంటే మలేరియా. 1953లో దేశవ్యాప్తంగా మలేరియా నిరోధక కార్యక్రమం మొదలై డీడీటీ చల్లినా, పల్లంలో తగ్గినంతగా కొండల్లో తగ్గలేదు. వానాకాలం వచ్చిందంటే ఆశ్రమ పాఠశాల వరండాలో దుప్పట్లు కప్పుకుని వణికే పిల్లలు ఉండేవారు. తండ్రి వచ్చి పిల్లను భుజాన వేసుకుని గూడేనికి, గురువు దగ్గరకో దిసారి దగ్గరకో తీసుకుపోయేవాడు. అది మూఢనమ్మకమని కోప్పడడం తేలిక. ఆ తండ్రి దృష్టిలో పిల్ల తనవారి మధ్య ఉండాలి, అదే మొదటి మందు. పట్నంలో మనమైనా పిల్లకు జ్వరం వస్తే డాక్టరు దగ్గరకూ పోతాము, దువా ఊదించుకోవడానికి దర్గాకొండ మీది ఇస్‌హాక్ మదీనా దర్గాకూ పోతాము. రెండూ చేస్తాము గదా!

ఇంకొక జబ్బు కంటికి కనబడదు. సికిల్‌సెల్ అంటే రక్తకణం కొడవలి ఆకారానికి మారి, చిన్న నాళాలలో అడ్డుపడి, ఒళ్లంతా నొప్పులు పెడుతుంది. మన దేశంలో దీనిని మొదట 1952లో నీలగిరి కొండలవారిలో కనుగొన్నారు. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఈ లక్షణం వచ్చినవారికి మలేరియా తీవ్రత తగ్గుతుందని 1954లో ఆలిసన్ అనే శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలో తేల్చాడు. మలేరియా ఉన్న చోట తరతరాలుగా ఇది నిలిచిపోవడానికి కారణం అదే. ఇద్దరి నుండీ వచ్చిన పిల్లకు మాత్రం కష్టమే. చలికి, ఎండకు, నీళ్లు తక్కువ తాగినా నొప్పులు లేస్తాయి. తెల్లవారుజామున డ్రిల్లుకు రాని ఆ పిల్లను సోమరి అన్నారు, బెత్తంతో కొట్టారు. ఎన్ని వేల మంది పిల్లలు ఇలా బడి మానుకున్నారో ఎవరు లెక్కపెట్టారు? 2023 జూలైలో దేశవ్యాప్తంగా దీని నిర్మూలన కార్యక్రమం మొదలై గిరిజన ప్రాంతాలలో రక్తపరీక్షలు చేస్తున్నారు.

ఈమధ్య అరకు వైపు పోయినప్పుడు లోయకు పైన ఒక చిన్న బడిలో కాసేపు కూర్చున్నాను. ఒకే పంతులు, ఆ ప్రాంతపు యువకుడే. "మా వాళ్లు ఒంట్లో బాగోలేదని చెప్పరు సాయిబు గారూ, మూల కూర్చుంటారు, మనమే కనిపెట్టాల" అన్నాడు. బల్ల సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసి చూపించాడు. పిల్ల పేరు, గూడెం, జ్వరం వచ్చిన తేదీ, కబురు పంపితే ఎవరు వస్తారు, ఎంత సేపటికి వస్తారు, వాగు పొంగితే ఏ దారిన రావాలి, అన్నీ గీతలు గీసి రాసుకున్నాడు. ఇది శాఖవారు ఇచ్చిన రిజిస్టరు కాదు, సంతలో కొనుక్కున్న పుస్తకం. వెనుక అట్ట మీద తలనొప్పి, కడుపునొప్పి, చలి, కళ్లు తిరగడం, ఒక్కొక్కదానికి ఎదురుగా ఆ తరగతిలోని పిల్లలు ఇంట్లో ఆడుకునే నాలుగు భాషల మాటలు రాసి ఉన్నాయి. మూడు చోట్ల ఖాళీగా ఉన్నది. "అవి గదబ పిల్ల చెప్పాల, ఇంకా నాతో మాట కలపలేదు" అన్నాడు.